పెరిగిన ఆయిల్

పని అయిపోయిందని ఎవరైనా చెబితే ఎలీషబా నమ్మదు. స్వయంగా చూసుకోవాలి. తోటి మెకానిక్కులకు ఆ అలవాటు గిట్టదు.

అది ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. త్రిపురాంతకంలో ఆమె నాయన అబ్రహాము డీజిల్ పంపుసెట్లు బాగుచేసేవాడు. పైపుల్లో గాలి చేరితే ఇంజన్ ఎట్లా మొరాయిస్తుందో ఆయన పక్కన కూర్చునే తెలుసుకుంది. మార్కాపురంలో ఐ.టి.ఐ., హైదరాబాదులో విమానాల మరమ్మతు చదివి ఉద్యోగంలో చేరింది. మొదటి ఏడే, ఆయిల్ పైపుల్లో గాలి తీసేశానని పక్కవాడు చెప్పిన మాట నమ్మి ఒక చిన్న విమానాన్ని స్టార్ట్ చేయించింది. ఆయిల్ అందక కాసేపటికే ఇంజన్ పట్టేసింది. నేల మీద కాబట్టి సరిపోయింది. ఆకాశంలో అయ్యుంటే అన్న ఆలోచన పన్నెండేళ్లయినా ఆమెను వదల్లేదు.

ఆ మార్చిలో ఒక కంపెనీ పైనుంచి భూముల ఫోటోలు తీయడానికి ఇద్దరు కూర్చునే విమానాన్ని విడిభాగాలుగా లారీలో తెచ్చింది. హనుమంతునిపాడు దగ్గర బీడును చదును చేసి, పక్కనే రేకుల షెడ్డు వేశారు. విమానాన్ని బిగించినవాడు కరుణాకరం, ఆమెకంటే పదేళ్లు సీనియర్. ఎగిరే ముందు అన్నీ తనిఖీ చేసి సంతకం పెట్టడం ఎలీషబా పని.

ఉదయం ఏడింటికి ఆమె ఆయిల్ ట్యాంకు మూత తీసి, కొలకడ్డీ తుడిచి ముంచింది. గాలి తీసేశామనీ, ఆయిల్ సగానికి ఉందనీ కరుణాకరం ముందురోజే రిజిస్టర్లో రాశాడు. కడ్డీ మీద ఆయిల్ పైగీత దాకా వచ్చింది. మళ్లీ ముంచింది. అంతే.

ఆయిల్ దానంతటది పెరగదు. పైపుల్లో ఉండవలసింది ట్యాంకులో ఉందంటే, పైపుల్లో ఉన్నది గాలే. పని చేయకుండానే రాసేశాడని ఆమెకు అనుమానం వచ్చింది. ఇక ఏది చూసినా అదే కనిపించింది. అతని చేతులకు మరక లేదు. ఆయిల్ డబ్బా మరీ శుభ్రంగా ఉంది. టీ తాగుతూ తన వైపు చూడకుండా ఫోను చూసుకోవడం కూడా తప్పు చేసినవాడి వాలకంలానే తోచింది.

దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగింది.

"అన్నా, గాలి నిజంగా తీసినావా?"

కరుణాకరం గ్లాసు కింద పెట్టాడు. "రాసినాను గదా. ఏంది, నేను అబద్ధం రాస్తానా?"

"మళ్లీ తీద్దాం. అప్పుడే సంతకం పెడతా."

ఎండెక్కితే గాలి లేస్తుందని పైలట్ హరికృష్ణ తొందరపెట్టాడు. ఆమె వినలేదు. స్విచ్‌లు ఆపి ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుంది. విమానం ముక్కుకుండే ఫ్యాను, అంటే ప్రొపెల్లర్, సులువుగా తిరగడానికి స్పార్క్ ప్లగ్గులు కొన్ని విప్పింది. ట్యాంకులోకి కంప్రెసర్‌తో కొద్దికొద్దిగా గాలి ఒత్తిడి పెట్టి, ముందు ఫ్యానును చేత్తో తిప్పసాగింది. పైపులు నిండుగా ఉంటే కొన్ని చుట్లకే ఆయిల్ ఒత్తిడి చూపే మీటరు ముల్లు కదలాలి. పదిహేను చుట్లయినా కదల్లేదు. కరుణాకరం మొహం పాలిపోయింది. ఆమె లోపల ఒక రకంగా గెలిచినట్టు అనిపించింది. ముప్పయ్యో చుట్టు దగ్గర ముల్లు వణికి లేచింది.

అంతసేపూ తలుపు దగ్గర నిలబడి చూస్తున్న కాపలాదారు ఓబులయ్య ముందుకొచ్చాడు.

"అట్ల తిప్పాల్నా పాపా? నేను నిన్న ఇటుపక్కకి తిప్పినానే."

అడిగితే చెప్పాడు. అందరూ వెళ్లాక ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూడలేక తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో ఒక్కొక్క రెక్కనూ తన వైపు లాక్కుంటూ తుడిచాడట. ఎన్ని చుట్లో లెక్కలేదు.

ఎలీషబా ఫ్యాను మీది నుంచి చేయి తీసేసింది. ఫ్యాను వెనక్కి తిప్పితే ఆయిల్ ట్యాంకులోకి మళ్లి, గాలి లోపలికి పోతుంది. కరుణాకరం రాసింది ప్రతి అక్షరం నిజం. గాలి విషయంలో ఆమె అనుమానం తప్పు కాదు, మనిషి విషయంలోనే తప్పింది.

ఓబులయ్య భయపడ్డాడు. తెలియక చేసిన పనికి భయమెందుకని అతన్ని కూర్చోబెట్టి, ఫ్యానును ఇక ముట్టవద్దని మాత్రం చెప్పింది. తర్వాత హరికృష్ణ వినేట్టుగానే కరుణాకరంతో అన్నది.

"నిన్ను అనుమానించినాను అన్నా. తప్పు నాదే."

అతను వెంటనే మెత్తబడలేదు. ప్లగ్గులు బిగిస్తూ, "ముందు ఏం జరిగిందో చూసి, తర్వాత నన్ను అనుంటే బాగుండు," అన్నాడు.

ఆమె కొలకడ్డీ తుడిచింది. ఆయిల్ మళ్లీ కొలిచింది, సగానికి దిగింది. కరుణాకరం రాసినంతే ఉందని సంతకం పెట్టింది. తొమ్మిదిన్నరకు విమానం ఎర్రదుమ్ములోంచి లేచింది. తిరిగి దిగేదాకా ఆమె ఆకాశం మీది నుంచి చూపు తిప్పలేదు, కరుణాకరం కూడా.