ఆముదం వేళ

ధర్మవరంలో మా అత్త పొద్దున్నే మగ్గం గుంతలోకి దిగే ముందు ఒక పట్టుపోగును అరచేతి మీద లాగి చూసుకునేది. చర్మం గరుకుగా ఉంటే పోగు తగులుకుంటుంది. అందుకే రోజూ మగ్గం ఆపినాక, దీపాలు పెట్టే వేళకు చేతులకు ఆముదం పట్టించేది.

"చెయ్యి పగలు పని చేస్తాది, రాత్రికి తిండి తింటాది. వేళ తప్పితే పట్టదమ్మీ" అనేది.

తొంభైల చివర్లో నేను పెనుకొండ నుంచి కోడలిగా వచ్చినాను. తొలి చలికాలమే చేతులు పగిలినాయి. నాకు తొందరెక్కువ. ఒక పొద్దున ఆముదం రాసుకుని మగ్గంలో కూర్చున్నాను. గులాబిరంగు చీర మీద నా వేళ్ల మరకలు పడినాయి.

చీర నేయించే షావుకారి వచ్చి, ఎవరి చెయ్యి ఇది అని అడిగినాడు. ముప్పై ఏండ్లుగా ఒక్క మరకా పడనియ్యని మా అత్త, "నాదేనప్పా. వయసైపోతాండాది, ఏమారినా" అనింది.

ఆ సాయంత్రం నా చేతులు ఒళ్లో పెట్టుకుని తనే ఆముదం పట్టించింది.

ఆమె పోయి చానా ఏండ్లయింది. నా చేతుల మీద ముడతలు వచ్చేసినాయి. అరచేతికి పోగు మాత్రం ఈ పొద్దుటికీ తగులుకోలేదు.