రెండు ఫెర్రీల నీళ్ళు

నేను కాలువ చివర పుట్టినదాన్ని. చివర అంటే ఏదో మాటవరసకు కాదు, అచ్చంగా చివరే. మా పొలం దాటితే ఉప్పునేల, అది దాటితే ఇసుక, ఆ తర్వాత సముద్రం. మా నాన్నకు ఒక కాలు పడవలో, ఒక కాలు పొలంలో ఉండేది.

మా జిల్లా పటం నేను చదవలేను. నా సంతకమే నాకు పెద్ద పని. కానీ ఏ ఊరికి నీళ్ళు ముందు అందుతాయో, ఏ ఊరికి ఆఖరున అందుతాయో అడగండి, గుక్క తిప్పుకోకుండా చెప్తాను. ఏటి మీద ఆనకట్ట ఉంది. అక్కడ పెద్దకాలువ బయలుదేరుతుంది, గట్టు మీద నిలబడితే అవతలి మనిషి ముఖం ఆనదు. అది కొండల పక్కనుంచి నడిచి కొమ్మలుగా చీలుతుంది. ఆ కొమ్మల్లోంచి పిల్లకాలువలు. మా ఊరు చేరేసరికి అది ఎంతంటే, ఆడమనిషి చీర కుచ్చిళ్ళు ఎత్తకుండా దాటేయవచ్చు.

కాలువ రాకముందు మా మామ్మ కాలంలో అన్నీ చోళ్ళూ గంటెలూ లాంటి మెట్టపంటలే, వాన పడితేనే పంట. వరన్నం పండగకి తినేవారట. ఆ కాలువ తవ్వినప్పుడు మా అమ్మ తట్టలతో మట్టి మోసింది. నన్ను ఆ మట్టికుప్ప మీద కూర్చోబెట్టి మోసేదని చెప్పేది. అందుకే ఆ కాలువ నాకంటే చిన్నదని నేను గొప్పలు పోతుంటాను.

తొలకరికి కాలువ వదిలితే పై ఊళ్ళవాళ్ళు నాట్లు వేసుకుని, అరటికి పెట్టుకుని, చెరకుకి పెట్టుకుని, ఆపైన మిగిలితే మాకు. వారమో పదిరోజులో మా నాన్న గట్టు మీద కూర్చుని చెవి ఒగ్గి వినేవాడు. ఏం వింటాడంటే, కప్పల్ని. నీళ్ళు ఎంతవరకు దిగితే అంతవరకు కప్పలు అరుస్తాయి. పై ఊరి కప్పలు, ఆ తర్వాత పక్క ఊరివి, ఆ తర్వాత మా పొలం దగ్గరవి.

"ఏటే, ఇనబడతందా?" అనేవాడు నాతో.

"నేదు నానా."

"పైనోళ్ళు తాగీసి మిగిల్తే గదా మనకీ! ఆళ్ళ కడుపులు మండ."

తూములకు తాళాలు వేసి తీసే లస్కరు సైకిలు మీద వచ్చేవాడు. మా నాన్న ఏటేటా అతన్ని ఒకే మాట అడిగేవాడు: "బాబూ, ఒక్క ఏడు పైన తూములు మూసీసి, ముందు కిందకి ఒగ్గండి. ఏటి పోతాది?" లస్కరు నవ్వేసి సైకిలు ఎక్కేవాడు. ఏటేటా అదే నవ్వు. పైవాళ్ళని తిట్టడంలోనే నా చిన్నతనమంతా గడిచింది.

తర్వాత పెళ్ళయింది, ఓడ ఎక్కాను, ఈ దీవుల్లో దిగాను. మా ఆయన చేపలవేట. మాకు బాంబూఫ్లాట్‌లో జెట్టీ పైన కొండవాలు మీద ఇల్లు. పడవలో ఉన్న మనిషిని ఒడ్డునుంచి పిలిచీ పిలిచీ నా గొంతు బొంగురుపోయింది. మా ఆయన నవ్వేవాడు: "నువ్వు పిలిస్తే జనాలు ఫెర్రీ వచ్చీసిందనుకోని లైను కట్టీసినారే!" ఆయన పోయి కొన్నేళ్ళయింది. గొంతు మాత్రం బాగుపడలేదు.

ఆయన పోయాక ఊరికే కూర్చోలేక ఇంటి వెనక వాలు చదును చేసి వంగనారు వేశాను. పక్కనే చిన్న గెడ్డ పారుతుంది. కాలువ పిల్లని, నీళ్ళ సంగతి నాకొకరు చెప్పాలా? మా ఊళ్ళో తవ్వినట్టే గెడ్డనుంచి మడిదాకా సూటిగా బోదె తవ్వాను. మా ఊరు చాప పరిచినట్టు ఉంటుంది, అక్కడ నీళ్ళు చెప్పినట్టు నడుస్తాయి. ఇది కొండ. నీళ్ళు ఉరుకులు పెట్టి నారునంతా ఊడ్చుకుపోయాయి.

కాసేపటికి కింద తోట ఆవిడ బుట్ట నెత్తిన పెట్టుకుని పైకెక్కి వచ్చింది. బెంగాలీ మనిషి, జెట్టీ దగ్గర కూరలు అమ్ముతుంది. బుట్ట నిండా నా వంగనారు.

"దీదీ, ఈ బచ్చాలు మీవేనా? మా ఇంటికి భాగ్ కే వచ్చేసినాయి."

అలా మా స్నేహం. బోదెను వాలుకు అడ్డంగా, నత్త నడిచినంత నెమ్మదిగా తవ్వడం ఆవిడే నేర్పింది. ఆవిడ నన్ను దీదీ అంటుంది, నేనూ ఆవిడని దీదీ అంటాను. ఎవరు పెద్దో మేము తేల్చుకోలేదు, తేలితే ఒకరికి కోపం వస్తుంది.

ఇక్కడ వానలు ఆగితే మళ్ళీ మే నెల దాకా చుక్క ఉండదు. ఈ ఏడు గెడ్డ మరీ సన్నబడి, చిటికెనవేలంత పారింది. నా వంగ పూతమీద ఉంది. కింద దీదీ మిరప కూడా పూతమీదే. పూతప్పుడు ఒక్కపూట ఎండితే పువ్వు రాలిపోతుంది, ఇక ఆ ఏటికి కాయ లేదు. తొలివాన దాకా రెండు తోటలూ నిలబడాలి. ఉన్నది ఒక్క చిటికెనవేలు.

నేనేం చేశాను? చెప్పడానికి సిగ్గు. అరటిచెట్టు నరికి గెడ్డకు అడ్డంవేసి, మట్టి కొట్టి, నీళ్ళన్నీ నా మడికి తిప్పుకున్నాను. మర్నాడు ఆవిడ కొంగు నడుముకు దోపుకుని పైకి వచ్చింది.

"దీదీ, మేరా పానీ ఏది? పైన ఉన్నోళ్ళే అంతా తాగేస్తే కిందోళ్ళు ఏం పీతారు?"

భాష వేరు గానీ మాట మా నాన్నదే. నాకు నవ్వు వచ్చేసింది. నవ్వుతుంటే ఆవిడకు ఇంకా మండింది.

"హసో మత్!"

"నిన్ను కాదే దీదీ, నన్ను చూసి నేనే నవ్వతన్నాను. అడ్డం తీసెత్తాను, కోప్పడకు."

అప్పుడు వంతులు పెట్టుకున్నాం. ఇద్దరికీ గడియారం చూసే అలవాటు లేదు. జెట్టీకి ఫెర్రీ వచ్చినప్పుడల్లా హారన్ కొడుతుంది. రెండు ఫెర్రీల నీళ్ళు నాకు, రెండు ఫెర్రీల నీళ్ళు ఆవిడకు. హారన్ రెండోసారి మోగితే గెడ్డలో బల్లపరుపు రాయి ఒకటి పెట్టడమో తీయడమో, అంతే. పెడితే నీళ్ళు నా మడికి, తీస్తే ఆవిడకు. ఎండలన్నీ అలాగే సాగాయి. హారన్ మోగగానే కిందనుంచి "దీదీ, పత్థర్!" అని కేక. నేను రాయి తీయడం, ఆవిడ బోదెలో నీళ్ళు గలగలమనడం.

ఒకరోజు పొద్దున నా వంతు మొదలైంది. మొదటి హారన్ అయింది. రెండోదాని కోసం చూస్తున్నాను. రాలేదు. కాసేపయ్యాక దారినపోయే వాళ్ళెవరో చెప్పారు, సముద్రంలో గాలి ఎక్కువగా ఉందని ఫెర్రీలు ఆపేశారట. ఇక్కడ చూస్తే ఒక్క మబ్బు తునక లేదు, మాడు పగిలే ఎండ.

ఒట్టు, సంతోషించాను. హారన్ మోగలేదు, కాబట్టి నా వంతు అయిపోలేదు. మాట అంటే మాటే కదా! వంగమడి నిండుతోంది. ఒక మడి నిండి రెండో మడి, రెండోది నిండి మూడోది. నా వంగ ఆకులు తళతళలాడుతున్నాయి. కిందనుంచి కేక కూడా లేదు. ఆవిడకు తెలియలేదేమో అనుకున్నాను.

ఎండ నెత్తిమీదకు వచ్చాక నీళ్ళు మడి దాటి దారిలోకి పోతున్నాయి. ఆ నీళ్ళు వృథా అవుతుంటే చూడలేక, కింద ఎలా ఉందో చూద్దామని నాలుగు అడుగులు దిగాను.

దీదీ ఎండిన బోదె గట్టు మీద కూర్చుని ఉంది. వెనక మిరప ఆకులు ముడుచుకుని, పువ్వులు తెల్లగా తలలు వేలాడేసి ఉన్నాయి. ఆవిడ మొహం జెట్టీ వైపు తిప్పి, ఒక చెవి మీద చెయ్యి ఆనించి వింటోంది. మాట ఇచ్చింది కదా, హారన్ మోగందే అడగకూడదని కూర్చుంది. అచ్చం మా నాన్న కప్పల కోసం కూర్చున్నట్టు.

సగం వాలులోనే ఆగాను. ఇంకో గంట అలా ఉంటే ఆ పూత నేలపాలే. వెళ్ళి తీసుకోమని చెప్పవచ్చు. కానీ దానం చేసినట్టు ఉంటుంది, ఆవిడ పుచ్చుకోదు, నాకు తెలుసు. మా నాన్న కూడా పుచ్చుకునేవాడు కాదు.

గబగబా పైకెక్కాను. రాయి ఎత్తి అవతల పడేశాను. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, పొట్టలోంచి ఊపిరి తీసి, మా ఆయన బతికుండగా పడవను పిలిచినట్టు, గొంతు చీలిపోయేలా అరిచాను.

"భోఁ... భోఁ..."

కొండమీద కాకులన్నీ లేచాయి. జెట్టీ దగ్గర ఎవరో నిజంగానే సంచులు తీసుకుని లేచారట, తర్వాత తెలిసింది. కింద దీదీ ఉలిక్కిపడి నిలబడింది, సముద్రం వైపు చూసింది, పైకి చూసింది. అప్పటికి నీళ్ళు ఆవిడ కాళ్ళ దగ్గరకు వచ్చేశాయి.

"యే కౌన్‌సా ఫెర్రీ హై దీదీ? టైము తప్పి వచ్చింది!"

"మాది శివారు ఫెర్రీ! ఎప్పుడూ ఆలస్యమే!" అన్నాను. ఆ బొంగురుగొంతుకి దగ్గు కూడా తోడైంది. ఆవిడ నీళ్ళలోనే కూర్చుని నవ్వింది.

సాయంత్రానికి మిరప ఆకులు విచ్చుకున్నాయి. పువ్వులు కొన్ని రాలాయి, ఎక్కువ నిలిచాయి.

ఫెర్రీలు మళ్ళీ తిరిగాక వంతులు అవే, వరస మాత్రం మార్చాను. పొద్దున మొదటి రెండు ఫెర్రీలు కిందికి, ఆ తర్వాతే నాకు. ఎందుకని దీదీ అడిగితే, మా నాన్న లస్కరుని అడిగిన మాట చెప్పాను. వినేసి, "మరి ఆ ఆద్మీ ఎప్పుడైనా ఇచ్చాడా?" అంది.

"ఇవ్వలేదు," అన్నాను. "అందుకే మా నాన్న నన్ను పంపినాడు."