పెద్దమ్మ ఇంట్లో ఉపవాసం

నేను మొండిదాన్ని. మా దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. ఆ వేసవిలో సువార్త పనికి పల్లెకు వెళ్లే విద్యార్థుల జట్టుకు నన్ను పెద్దగా పెడుతూ, కొత్తపేట మందిరంలో మా పాస్టరుగారు, "ఇంతకు ముందు ఆడపిల్లకు ఇయ్యలేదమ్మా ఈ పని. జర చూసుకో" అన్నారు. ఆ 'జర చూసుకో' నాకు గట్టిగా తగిలింది. వెళ్లిన చోట పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టి పాటలు, కథలు చెప్పకుండా తిరిగి రాకూడదని అక్కడే అనుకున్నాను.

ఊరు వెతికింది నేనే. మా హాస్టల్లో రెండేళ్లు అంట్లు తోమిన, అందరం పెద్దమ్మా అని పిలిచే ఆమెది ఆ ఊరు. మోకాళ్లు పట్టేసి పని మానేసి వెళ్లేటప్పుడు, "మా దిక్కు గూడ ఒకసారి రాండ్రి బిడ్డా" అంది. ఫోన్ చేస్తే, మా మతం కాకపోయినా, ఇంట్లో చోటిస్తానంది. రెండేళ్లు రోజూ చూశాను గానీ, ఆమె మా హాస్టల్లో ఎక్కడ కూర్చుని తినేదో నాకు తెలియదు.

ఐదుగురు అమ్మాయిలం ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి, దేవరకొండలో దిగి, ఆటోలో గంటసేపు ఎగిరెగిరిపడ్డాం. అడవి మొదలయ్యే చోట, ఊరికి ఎడంగా ఉన్న ఆమె వాడ చేరేసరికి పొద్దు వాలింది. ఆమెకు భారం కాకూడదని మొదటి రెండు రోజులకు తిండి వెంట తెచ్చుకున్నాం. వాకిట్లో కూర్చుని, ప్రార్థన చేసుకుని, మా పులిహోర మేమే తిన్నాం. మర్నాడు మూడు పూటలా బ్రెడ్డు కూడా అంతే. పెద్దమ్మ గడపలో నిలబడి చూసింది.

ఆ రోజు పదింటికి కూటం పెట్టాం. నలుగురు పిల్లలు వచ్చారు. అందులో ఒకడు నిద్రపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మాకు ఏ కష్టమొచ్చినా ఒకటే మందు, పరీక్షయినా జ్వరమైనా ఉపవాస ప్రార్థన. "రేపు అందరం ఉపవాసం" అని జట్టుకు చెప్పేశాను. పెద్దమ్మకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. తెల్లవారి మా గుంటూరమ్మాయి బ్యాగులోంచి బిస్కెట్ తీస్తే చేతిలోంచి లాక్కున్నాను కూడా.

ఎండ ఎక్కేవేళకు పెద్దమ్మ మా ముందు ఐదు స్టీలు పళ్లాలు పెట్టింది. జొన్నరొట్టెలు, నాటుకోడి కూర. ఆ ఇంట్లో తిరిగే కోడి ఒక్కటే. అది పొద్దున్నుంచి కనిపించడం లేదని నాకప్పుడు తట్టింది.

"మేమివాళ తినం పెద్దమ్మా. ఉపవాసం."

"ఒక్కపొద్దా?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "ఊళ్లెకెల్లి మా ఇంటికి ఒచ్చినోళ్లు అందరు గట్లనే అంటరు బిడ్డా. ఒకలు ఇప్పుడే తిన్న అంటరు, ఒకలు ఒక్కపొద్దు అంటరు. మీరు నిన్న మీ తిండి మీరే తెచ్చుకున్నరు. రెండేండ్లు నేను తోమిన పళ్లాలల్ల తిన్నరు గదా, నేను వండింది తింటే ఏమైతది?"

సిగ్గుతో నా ముఖం కాలిపోయింది. నిజంగానే ఉపవాసమని చెప్పబోయి ఆగాను. ఆమె జీవితమంతా విన్న మాటే నేనూ అంటున్నాను, నాది నిజమైతే ఆమెకు ఒరిగేదేమిటి? కానీ దేవుడికిచ్చిన మాట, జట్టు ముందు నా పరువు, రెండూ అడ్డొచ్చాయి.

"అక్కా, నువ్వు తినకపోతే మానెయ్. నేను మాత్రం తింటున్నాను" అంది గుంటూరమ్మాయి.

దాన్ని తిట్టలేదు. దానికంటే ముందు నేనే రొట్టె తుంచి కూరలో ముంచి నోట్లో పెట్టుకున్నాను.

"ఆగు" అంది పెద్దమ్మ. కొంగు తల మీదికి లాక్కుంది. "ప్రార్థన చెయ్యవా? నిన్న బ్రెడ్డుకు గూడ చేసిన్రు గదా."

మింగి కళ్లు మూసుకున్నాను. మందిరంలో పావుగంట ఆగకుండా ప్రార్థన చేసేదాన్ని, ఆమె చేతుల్ని దీవించమని ఒక్క మాట అడిగేసరికి ఏడుపొచ్చేసింది. కారమని సర్దుకున్నాను. "మరి నీ పళ్లెమేది?" అని అడిగి, ఆమె తెచ్చుకుని మా మధ్య కూర్చునేదాకా రెండో ముద్ద ముట్టలేదు. ఆ మొండితనం ఒక్కటి ఆ రోజు పనికొచ్చింది.

తింటూ ఆమే చెప్పింది. "పదింటికి ఎవలొస్తరు బిడ్డా? అమ్మలు ఉపాధి హామీ కరువు పనికి పోతరు, పోరలు మేకల ఎనుక పోతరు. పొద్దుగూకే యాళకు పెట్టు. నేను పిలుస్త." సాయంత్రం ఆ మోకాళ్లతోనే గడప గడపకూ వెళ్లి, "మా ఇంట్ల తిన్నరు ఆ పిల్లలు, పోండ్రి" అని అందరినీ పంపింది. వాకిలి చాలక పిల్లలు అరుగు మీదా గోడ మీదా కూర్చున్నారు. వెనక తల్లులు నిలబడ్డారు.

తిరిగొచ్చిన ఆదివారం మందిరంలో లేచి, వాకిలి నిండా పిల్లలు వచ్చారని సాక్ష్యం చెప్పాను. ఉపవాసం ఉంటామని నేను పంపిన మెసేజ్ పాస్టరుగారికి గుర్తుంది.

"ఉపవాస ప్రార్థన ఫలించిందన్నమాట!" అన్నారు సంతోషంగా.

"లేదు అయ్యగారూ," అన్నాను మైకులోనే, "తిన్నాకే వచ్చారు."