మంచిర్యాల పిల్లలకు దక్కిన మా సెంటరు

1984. చెన్నూరులో మా చిన్న డిగ్రీ కాలేజీ ఆఫీసుకు నేను సూపరింటెండెంట్‌ని. కిరాణా దుకాణంలో గల్లా పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి యూనివర్సిటీని కూడా బేరం కంటితోనే చూసేవాణ్ణి. అంతకు కొన్నేళ్ల ముందు మా కాలేజీలు హైదరాబాదు కింద ఉండేవి. వరంగల్లులో కొత్త యూనివర్సిటీ రాగానే ఇటు మళ్లాం. అఫిలియేషన్ అంటే ఇంతే: దుకాణం మాది, సరుకు మాది, తూకం రాళ్ల మీద ముద్ర వాళ్లది. పాఠం మేం చెబుతాం. పరీక్ష, పట్టా వాళ్లవి.

ఆ ఏడాది మా పిల్లల పరీక్షలు మంచిర్యాలలో. బీఏ ఆఖరి సంవత్సరం సారమ్మ చంటివాణ్ణి ఎత్తుకుని ఆఫీసుకు వచ్చింది.

"మా అత్త, పాలు తాగే పోరన్ని ఇడిసి దినాం మంచిర్యాల పోతవా అంటుంది సార్. చెన్నూరుల సెంటర్ పడితేనే రాస్త. లేకుంటె నా సదువు గింతే."

"ఫికర్ జెయ్యకు బిడ్డా" అని వరంగల్లు బస్సెక్కాను.

మా అఫిలియేషన్ చూసే అధికారి దగ్గర దుకాణం విద్య వాడాను. ఒకటి కావాలంటే పది అడగాలి. "మాకు ఎమ్మే క్లాసులు కావాలె సార్" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. "బీఏ పోరగాళ్లకే బెంచీలు సాలుతలేవు, నీకు ఎమ్మేనా?"

"పోనీ, పరీక్ష సెంటరన్న ఇప్పియ్యుండ్రి."

"అది ఎగ్జామినేషన్ బ్రాంచ్ పని. జెప్త పో."

సెంటరు వచ్చింది. స్టాఫంతా మిఠాయి తిన్నాం. తర్వాత సీట్ల కేటాయింపు వచ్చింది. చెన్నూరులో రాసేది మంచిర్యాల పిల్లలు. మా పిల్లలు యథాప్రకారం మంచిర్యాలకే. దీన్ని జంబ్లింగ్ అంటారు. సొంత సార్లు సొంత పిల్లలకు కాపలా ఉండకుండా కాలేజీలను మార్చడం. సెంటరు ఎవరి పిల్లలకని అడగడం నాకు తట్టనే లేదు.

సారమ్మ మొహం మాడ్చుకుంది. "మంచిగ బేరం జేసిండ్రు సార్, మంచిర్యాలోళ్లకు!"

ఈసారి వరంగల్లుకు తనూ వస్తానంది, బిడ్డతో సహా. ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో ఒక అధికారి ముందు నిలబడి నేను మళ్లీ పెద్దగా మొదలుపెట్టాను. "సార్, చిన్న ఊళ్లకు అసలు జంబ్లింగే తీసెయ్యాలె..."

సారమ్మ అడ్డం వచ్చింది. "గదేం వద్దు సార్. వీనికి పాలియ్యాలె. నన్నొక్కదాన్ని చెన్నూరుల రాయనియ్యుండ్రి. మంచిర్యాలోళ్ల నడుమనే కూసుంట. మా సార్లను గా గదికి రానియ్యకుండ్రి."

ఆయన కలం మూత తీశాడు. "గింతేనా? ఒక్కరి సెంటర్ మార్చుడు నా చేతిల పని. ముందుగాల్నే నా దగ్గరికి రావద్దానయ్యా?"

దుకాణంలో గల్లా ఒకటే. అక్కడ కూర్చున్నవాడు ఏదైనా ఇవ్వగలడు. యూనివర్సిటీలో గల్లాలు బోలెడు. ఏది ఎవరి చేతిలో ఉందో తెలియకుండా బేరమాడితే పక్క ఊరి వాళ్లు బాగుపడతారు.

పరీక్షల్లో సారమ్మ అత్తే వరండాలో బిడ్డను ఆడించింది. పాలకు ఏడిస్తే ఆయాను తోడిచ్చి తల్లిని బయటకు పంపేవాళ్లం. సారమ్మ పాసైంది.

ఆఖరి పేపరు నాడు ఆ అత్త నన్ను ఆపింది. "సారూ, మీరు వరంగల్ల అడిగిండ్రంట గదా, గా ఎమ్మే క్లాసులు చెన్నూరుకు ఎప్పుడొస్తయ్? పిల్లగాడు గీ వరండాకు అలవాటు పడ్డడు."

నేను బేరానికి అన్నమాటను ఆమె నిజంగానే అడుగుతోంది. ఏ గల్లా దగ్గర అడగాలో నాకప్పటికి తెలియదు.