చేదు మాత్రకు గంజి బేరం

1978లో, వానలు వెనక్కి తగ్గి దోమలు ముందుకొచ్చిన రోజులవి. శ్రీకాళహస్తి బస్టాండు దగ్గర నాకు మందుల షాపు ఉండేది. కిరాణా కొట్లవాళ్ళ ఇంట పుట్టినవాణ్ణి. నా పెళ్ళిచూపుల్లో ముహూర్తం మీద కూడా బేరమాడబోయి మా నాయన చేత మోచేతి పోటు తిన్నాను.

అప్పుడు ఎక్కువగా అమ్మింది క్లోరోక్విన్. చలిజ్వరానికి మాత్ర. రెండు ఉంగరాలు అతుక్కున్నట్టుండి, ఒకదానిలో నత్రజని చేరిన క్వినోలిన్ అనే అణువు దీనికి వెన్నెముక. సింకోనా బెరడులోని క్వినైన్‌దీ అదే వంశం, అదే చేదు. మలేరియా క్రిమి ఎర్ర రక్తకణంలో దూరి మన రక్తాన్ని తింటుంది. ఆ తిండిలో మిగిలిన విషాన్ని గడ్డకట్టించి బతికిపోతుంది. మందు ఆ గడ్డకట్టడాన్ని ఆపుతుంది. క్రిమి తన ఎంగిలికి తానే చస్తుంది. అయితే మాత్ర కడుపులో నిలవాలి గదా!

ఒక మధ్యాహ్నం మునెమ్మ వచ్చింది. ఆమె భర్త చెంగయ్యది స్వర్ణముఖి ఏటిలో కలంకారీ గుడ్డలు ఉతికే పని. ఆసుపత్రిలో రాసిన మాత్రలు ముందురోజే నా దగ్గర కొన్నది. మిగిలినవాటిని బల్ల మీద విసిరింది.

"కల్తీ మాత్తర్లు అంటగట్టినావు గదా సెట్టీ! మాయింటాయనకి ఒళ్ళు పెనం మాదిరి కాలతా ఉండాది. లేచి నిలబడలేక ఉండాడు. ఇవి నాకొద్దు, తాయెత్తు కట్టిచ్చుకుంటా."

షాపులో ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు. సరుకును తిట్టే గిరాకీతో సరుకు గురించి వాదించకుండా వాడకం గురించి అడగమని మా నాయన నేర్పాడు.

"ఎట్ల మింగించినావమ్మా?"

"పరగడుపున. జరమొచ్చినోడికి కూడు పెడతారా యాడన్నా? లంకణం పెట్టినాము."

"మింగినాక?"

"బొళుక్కున కక్కినాడు. రోగం బయటికి పోయిందని మాయత్త సంతోషపడింది."

జ్వరానికి లంకణం మా ప్రాంతంలో ఇంటింటి వైద్యం. రోగం లోపలే ఉంది, మందే బయటికి పోయింది. ఆ మాత్రలు తీసుకుని, ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయాను. కక్కిన మోతాదును మొదటినుంచి మళ్ళీ వెయ్యమని, దానికి ముందు కడుపులో ఏదైనా పడాలని డాక్టరు చెప్పాడు. మునెమ్మ తల అడ్డంగా ఊపింది. మెట్లు దిగుతూ నేను బేరం మొదలుపెట్టాను.

"చారన్నం పెట్టు, గిన్నె నిండా."

"జరంలో అన్నం తింటే సన్నిపాతం పట్టి పోతాడు సెట్టీ!"

"సరే, నాలుగు ఇడ్లీలు."

"ఒగటి గూడా పెట్టను."

"రెండు?"

"నీ సావాసం వద్దు నాకు."

"పోనీ, లోటాడు గంజి. అది గూడా కుదరదంటే నా వల్ల కాదు."

ఆమె నా చేతిలోని మాత్రలు తీసుకుని, "గంజయితే సరే" అంది. నాకు మొదటినుంచీ కావలసింది గంజే. లోపల మీసం మెలేసుకుంటూ షాపుకొచ్చాను.

ఆ వారంలోనే చెంగయ్య తన కాళ్ళ మీద నడిచి వచ్చాడు. చేతులు గోక్కుంటున్నాడు, దద్దురు లేకుండా దురద పెట్టడం ఆ మందు గుణమే. పక్కనే మునెమ్మ.

"నా గంజి పనిచేసింది, చూసినావా!" అన్నాను గొప్పగా.

"గంజి యాడిది సెట్టీ? రెండిడ్లీలు పెట్టినాను. నీ కాడ ఒప్పుకుంటే ఓడినట్టుంటాదని గంజన్నా!"

చెంగయ్య నవ్వాడు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. అప్పటినుంచి క్లోరోక్విన్ అడిగిన ప్రతివాళ్ళకీ ధర చెప్పే ముందు, "రోగి ఏం తిన్నాడు?" అని అడిగేవాణ్ణి. మాత్రకు బేరం నా బల్ల మీద ముగియదు. వాళ్ళ వంటింట్లో ముగుస్తుంది. అక్కడ గెలిచేది ఎప్పుడూ నేను కాదు.