కర్పూరం ఆర్పిన చెయ్యి

నేను యూనివర్సిటీలో నేర పరిశోధన చదువుతున్నానంటే అనంతపురం జిల్లా యాడికి పక్కన మా ఊళ్లో ఎవరికీ సరిగా అర్థం కాదు. "పోలీసు చదువు" అంటారు. ఎస్సై అవుతావా పాపా అని అడుగుతారు. కాదు, దొంగతనం జరిగిన చోట ఏం మిగిలిందో చూసి చెప్పడం అంటే, "మిగిలిస్తే వాడు దొంగెట్లయితాడు?" అని నవ్వుతారు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత నేనూ వాళ్లతో పాటు నవ్వడం మొదలుపెట్టాను.

మొదటి ఏడు ప్లాస్టిక్ బొమ్మ మీద ఎర్రసిరా పోసి, ఇదే హత్య అనేవారు. దాని చుట్టూ సుద్దముక్కతో గీసి, ఫోటోలు తీసి, చేతులు కడుక్కుని చిత్రాన్నం తినేవాళ్లం. తర్వాత నిజం ఫోటోలు చూపించారు. కొన్నాళ్లు అన్నం సగంలో వదిలేసి లేచాను, ఆ తర్వాత అదీ అలవాటైపోయింది. ఏమీ అనిపించని వాళ్లే ఈ పనిలో నిలబడతారని మా సార్ అనేవారు. నాకు మార్కులు బాగా వచ్చాయి.

రెండో ఏడు వేసవి సెలవులకు ఇంటికొచ్చాను. అప్పుడే మా పక్క చేను ఆసామి బోరు దగ్గర ఎవరో మోటారు కేబుల్ కోసుకుపోయారు, లోపలి రాగి కోసం. ఆ రాత్రి మా చిన్నాయన బాగా తాగి మా చేలోనే పడుకున్నాడు. మా నాయన తమ్ముడు ఆయన. మనిషి మంచివాడే, పొద్దు వాలితే మాత్రం ఆయన లోకం ఆయనది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు, "పాపం, వానికెంత అవసరమొచ్చిందో" అనే రకం. ఆ మాట ఆ రోజు కూడా అన్నాడు. అనుమానించడానికి ఊరికి అంతకంటే ఏం కావాలి?

నేను బోరు దగ్గరికి వెళ్లి మిగిలిన కేబుల్ మొన చూశాను. రెండు వైపుల నుంచీ ఒక్కసారే నొక్కి తెంచిన కోత అది. పెద్ద కట్టరు లేకపోతే అంత నున్నగా తెగదు. మా ఇంట్లో ఉన్నది ఒక కొడవలి, తుప్పు పట్టిన కటింగ్ ప్లేయరు. వాటితో కోస్తే రాగి పోగులు నలిగి చీపురులా విడిపోతాయి. ఈ సంగతి అందరి ముందూ చెప్పాను. ఆసామి ఓపిగ్గా విన్నాడు.

"బాగా చెప్పినావమ్మా. అయినా నీ మాట నీ చిన్నాయన కోసమే గదా. కర్పూరం ఆర్పమను. శెనక్కాయ పీకే లోపల ఏమీ కాకపోతే, నేనే ఇంటికొచ్చి తప్పయిందంటా."

మా వైపు కర్పూరం ఆర్పితే ఇక ఆ మాటకు తిరుగు లేదు. వెలిగించిన కర్పూరాన్ని "నేను తీయలేదు" అంటూ అరచేత్తో అణచాలి. అబద్ధమైతే గడువు లోపల దేవుడే చూసుకుంటాడు. వద్దని చిన్నాయన కాళ్లావేళ్లా పడ్డాను. "తీయనోనికి భయమేంది పాపా" అని తలస్నానం చేసి, తడిబట్టలతో ఆంజనేయస్వామి ముందర నిలబడి కుడిచేత్తో ఆర్పాడు. అరచేతిలోని మసి నాకు చూపించి నవ్వాడు.

కాయ పీకడం ఇంకా మొదలవకముందే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. అనంతపురం ఆసుపత్రిలో నేనే పక్కన ఉన్నాను. బీపీ ముదిరిపోయింది, దానికి తోడు తాగుడు అన్నాడు డాక్టరు. డాక్టరు మాట ఊరికి అక్కర్లేదు. చూడటానికి వచ్చినవాళ్లు ఆ చెయ్యి వైపు ఒకసారి చూసి, అరటిపండ్లు పెట్టి లేచిపోయేవారు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే జవాబు చెప్పేదాన్ని. నాకు ఏడుపు రాలేదు. మంచం మీదున్న ఆయన్ని, క్లాసులో బొమ్మను చూసినట్టే చూస్తున్నానని తెలిసి నా మీద నాకే రోత పుట్టింది. ఆ రోత కూడా ఎక్కువసేపు నిలవలేదు.

దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, తాడిపత్రి వైపు పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. కట్టర్లు, కేబుళ్లు దొరికాయి. ఆసామి వెళ్లి తన కేబుల్‌ను గుర్తుపట్టాడు. సైకిల్ ట్యూబు చుట్టి తాను వేసుకున్న అతుకు అందులో అలాగే ఉంది. మాటన్నట్టే మా ఇంటికొచ్చి, "ఏమప్పా, తప్పయిపోయింది. మనసులో పెట్టుకోవాకు" అని చిన్నాయన ఎడమచెయ్యి పట్టుకున్నాడు. చాలాకాలం తర్వాత నాకు సంతోషం కలిగింది. గెలిచామనుకున్నాను.

ఆయన వెళ్లాక చిన్నాయన తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పోలీసోళ్లు కొడితే ఎవురైనా ఒప్పుకుంటారు పాపా" అన్నాడు.

"కేబులే దొరికింది చిన్నాయనా! అతుకు కూడా ఆయనదే."

"నేను అమ్మింటే వాళ్ల చేతికి పోయింటాది. దేవుడు ఊరికే చెయ్యి తీసుకుంటాడా?"

"అది బీపీ వల్ల. డాక్టరు నీ ముందరే చెప్పినాడు గదా."

"ఆ పొద్దు నాకు ఒళ్లు తెలీదు. యాడ తిరిగినానో, ఏం చేసినానో. నేనే తీసింటా."

తీసినానని మనిషి అన్నంత మాత్రాన దొంగ కాడు, ఆ మాట పక్కన ఇంకో సాక్ష్యం నిలబడాలి అన్నాను. కోత గురించి, కట్టరు గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. గొంతు ఎండిపోయేదాకా చెప్పాను. బడిపిల్ల పద్యం అప్పజెబుతుంటే విన్నట్టు, ఆయన మురిపెంగా అంతా విన్నాడు.

"యాడ అమ్మినానో, అదొక్కటే గుర్తుకు రాల్యా" అన్నాడు చివరికి. "నీ చదువుతో ఏమన్నా తెలుస్తాదేమో చూడు పాపా."