ఓడనెత్తుకుని ట్రాక్టరెక్కిన రోజు

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా ఇంట్లో నవ్వుతారు. నువ్వేమన్నా రాజుల కాలంలో పుట్టావా, అదంతా జరిగి పట్టుమని పదేళ్ళు కాలేదు కదా అంటారు. నిజమే. ఆ రోజుల్లోనూ ఫోన్లున్నాయి, ఫోన్లలో వీడియోలున్నాయి, వీడియోలో చూసిన ఏ పనైనా మనమూ చేసెయ్యగలమన్న ధైర్యం ఇప్పటికంటే ఎక్కువే ఉంది. బుద్ధి మాత్రం కాస్త తక్కువ. నాకు ఇరవై మూడేళ్ళు. ఫార్మసీ చదువు ముగించి భద్రాచలంలో ఒక మందుల షాపులో కొత్తగా చేరాను. మాది పెనుబల్లి పక్కన పల్లె. పామాయిల్ తోట, రెండు గేదెలు, మాట తక్కువా గదమాయింపు ఎక్కువా అయిన మా నాన్న, ఇదీ నా లోకం. సముద్రాన్ని ఒక్కసారే, కాలేజీ వాళ్ళతో వెళ్ళి, మోకాళ్ళ లోతు వరకు చూశాను. అలాంటి నేను ఓడ కట్టాలనుకున్నాను.

తప్పంతా ఒక ముసలాయనది. ఏ దేశం వాడో తెలీదు, తెల్ల గడ్డం, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. ఒక్క మాటా మాట్లాడకుండా బల్ల ముందు కూర్చుని చెక్క ఓడ కట్టే వీడియో ఆయనది. గరుకు కాగితంతో చెక్కను రుద్దుతుంటే వచ్చే సన్నని చప్పుడు తప్ప అందులో ఇంకేమీ వినబడదు. పగలంతా డాక్టర్ల చేతిరాత చదివి చదివి కళ్ళు మండిపోయి గదికి వచ్చేదాన్ని. ఆ చప్పుడు వింటుంటే ఎక్కడో నీళ్ళు కదులుతున్నట్టు, నేను ఏ రేవులోనో కూర్చుని ఉన్నట్టు అనిపించేది. ఆ మత్తులోనే, అలాంటి ఓడ సామాను కొంటానని ఫోన్లో నొక్కేశాను. పదిహేను రోజులకి పెట్టె వచ్చింది. మూత తీయగానే మన అడవుల్లో ఏ చెట్టుకీ లేని ఒక తియ్యటి చెక్క వాసన. సన్నని పలకలు, ఓడ ఒంటికి చట్రంలా నిలిచే, నంబర్లు వేసిన పక్కటెముకలు, తెరచాపలకి గుడ్డ, దారపు ఉండలు, చింతగింజంత ఫిరంగులు. దాంతోపాటు, ఆరు భాషల్లో ఉండీ ఒక్క భాషలోనూ అర్థంకాని చిన్న పుస్తకం. పెట్టె మీద ‘కొత్తగా నేర్చుకునేవారికి’ అని రాసి ఉంది. (కొత్తగా అంటే ఎంత కొత్తగానో వాళ్ళు రాయలేదు.)

నేనుండే ఇల్లు సిస్టరమ్మది. మిషన్ దవాఖానాలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. ఊళ్ళో సగంమందిని పుట్టగానే మొదట పట్టుకున్న చేతులు తనవే కాబట్టి, ఎవరినైనా ఏమైనా అనే హక్కు తనకుందని ఆమె నమ్మకం. కరకట్టకి దగ్గర్లో ఆ ఇల్లు. ముందు గదుల్లో ఆమె, వెనక గదిలో కిరాయికి నేను. ఓడ సంగతి ఆమెకి కొన్నాళ్ళు తెలియనివ్వలేదు. అయితే పలకలు వంగాలంటే ఆవిరి పట్టాలని వీడియో ముసలాయన చూపించాడు. ఆవిరి అనగానే మనకి ఇడ్లీ పాత్ర కాక ఇంకేం గుర్తొస్తుంది? ఒక ఆదివారం పొద్దున సిస్టరమ్మ స్నానానికి వెళ్ళడం చూసి, ఆమె ఇడ్లీ పాత్రలో పలకలు పెట్టి మూత వేశాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చి మూత తీసింది.

“ఏందే ఇవి?”

“పలకలు సిస్టరమ్మా. మెత్తబడాలని.”

“కట్టెలు పొయ్యి కింద పెడతరు గానీ పొయ్యి మీద పెడతరానే? ఉప్పు గిట్ల ఏసినవా?”

ఆ రోజు ఆమె టిఫిన్ తినకుండానే చర్చికి వెళ్ళింది. తిరిగొచ్చాక మాత్రం ఒక పలక తీసి వంచి చూసి, “మంచిగనే ఉడికినయ్” అంది. నా ఓడకి దొరికిన మొదటి మెచ్చుకోలు అదే.

వంచిన పలకని పక్కటెముకలకి జిగురుతో అతికించాక అది ఆరేదాకా గట్టిగా పట్టుకునేందుకు క్లిప్పులు కావాలి. దండెం మీద బట్టలకి పెట్టే క్లిప్పులు సరిగ్గా సరిపోయాయి. ముందు నావి వాడాను, తర్వాత సిస్టరమ్మవి ఒక్కొక్కటే తీసుకున్నాను. ఒక మధ్యాహ్నం గోదావరి మీది నుంచి గాలి లేచింది. క్లిప్పుల్లేని దండెం మీంచి ఆమె తెల్ల చీర గాల్లోకి ఎగిరి, రెండిళ్ళ అవతల సరంగు తాత రేకుల కప్పు మీద వాలింది. లాంచీలు నడిపి నడిపి మానేసిన మనిషాయన. మానేసి ఎన్నేళ్ళైనా, వాకిట్లో నడిచేటప్పుడు కూడా నేల ఊగుతుందేమోనన్నట్టు కాళ్ళు ఎడంగా వేసి నడిచేవాడు. చీర మడత పెట్టి తెచ్చిచ్చి, తెరిచి ఉన్న నా గదిలోకి చూసి ఆగిపోయాడు. బల్ల మీద ఓడ ఉంది, ఒళ్ళంతా క్లిప్పులతో, ముళ్ళపందిలా.

“ఇంజను యాడ పెడతవ్ బిడ్డా?” అన్నాడు.

“ఇంజను ఉండదు తాతా. తెరచాపలే.”

“గాలి పడవ!” అని గుమ్మం మీదే కూలబడ్డాడు. తర్వాత ఓడతో చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు. “మా నాయన నడిపిండు గాలి పడవ. ఎండాకాలం కింది నుంచి పైకి గాలి తోలుతది. తెరచాప ఎత్తి, చుక్కాని పట్టుకొని కూసుంటే సాలు. కొండలే ఎనకకు నడుచుకుంట పోయేటియి.”

ఆ మాట విన్నాక నా గది గోడలు కూడా కాసేపు వెనక్కి నడిచినట్టే అనిపించింది. ఆ కలలోంచి నన్ను లాగింది కూడా ఆయనే. ఓడ పక్కన బొటనవేలు పెట్టి నిమిరి, “ఈ పక్క ఉబ్బిందేంది?” అన్నాడు. పుస్తకం తీసి చూస్తే తెలిసింది, ఆరో పక్కటెముకని తిరగేసి పెట్టాను. అప్పటికే పలకలన్నీ అతికాయి. సిస్టరమ్మ కూడా వచ్చి, ఎన్నో కడుపులు చూసిన కంటితో పరీక్షించి, “ఆరో నెల” అని తేల్చింది. వీధిలో నా పేరు ఆ రోజు నుంచి ఓడమ్మ.

సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి తాత గుమ్మం మీద ఉండేవాడు. ఎప్పుడూ ఒకటే ప్రశ్న. “నీళ్ళల్ల ఎప్పుడు దించుతవ్?” ఇది అద్దాల పెట్టెలో పెట్టుకునే ఓడ తాతా అంటే నొచ్చుకునేవాడు. నీళ్ళు చూడని దాన్ని పడవ అనడం ఆయనకి చేతకాలేదు. నేను మాత్రం గరుకు కాగితంతో రుద్దుకుంటూ, కిటికీలోంచి వచ్చే గాలి వాసన చూసుకుంటూ, పేరు తెలియని రేవులకి పోతూ ఉండేదాన్ని. మా నాన్న ఫోన్ చేస్తే మాత్రం పెనుబల్లికి తిరిగొచ్చేదాన్ని. “ఏం చేస్తున్నావు?” అనేవాడు. “చదువుకుంటున్నా” అనేదాన్ని. అప్పటికే గవర్నమెంటు ఫార్మసిస్టు ఉద్యోగానికి నన్ను ఎంపిక చేసుకున్నారు, నెల తిరక్కుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని రమ్మన్నారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు గానీ, ఇక చదవాల్సింది ఏమీ లేదని పాపం తెలియదు.

ఆషాఢం వచ్చింది. నాలుగు రోజులు ముసురు. నది రంగు మారింది. మొదటి వరద హెచ్చరిక వచ్చినప్పుడు వీధిలో ఎవరూ పట్టించుకోలేదు. ఏటా ఉండేదేగా అన్నారు. రెండోది వచ్చిన పొద్దున ఆటోలో మైకు తిరిగింది, వీధి ఖాళీ చేసి స్కూలుకి పోవాలని. సిస్టరమ్మ మందుల పెట్టె, బైబిలు, బియ్యం డబ్బా వరసగా బయట పెట్టించింది. “అవసరమైనవే తీసుకో, జల్దీ రా” అని నన్ను కేకేసింది. నేను సర్టిఫికెట్ల బ్యాగు మంచం మీద సిద్ధంగా పెట్టుకున్నాను. దేవుడి సాక్షిగా పెట్టుకున్నాను. అంతలో ట్రాక్టరు హారను కొట్టింది. బల్ల మీద ఓడ కనబడింది. మూడు తెరచాప కొయ్యలు నిలబెట్టాను గానీ తాళ్ళింకా కట్టలేదు, ముట్టుకుంటే ఊగుతున్నాయి. దారాలు, గుడ్డ, పుస్తకం ఉన్న పెట్టెతో సహా దాన్ని రెండు చేతులా ఎత్తుకోవాల్సి వచ్చింది. రెండు చేతులూ అయిపోయాక మూడోది ఉండదన్న సంగతి నాకు ట్రాక్టరెక్కి, వీధి మలుపు తిరిగి, స్కూలు చేరేదాకా తట్టలేదు.

ట్రాక్టరు ట్రక్కులో గ్యాస్ సిలిండర్లు, కోళ్ళు, టీవీలు, మనుషులు. మధ్యలో చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఓడతో నేను. గుడి దగ్గర పూలు కట్టి అమ్మే పూలక్క నన్ను చూసి, “అందరం పడవ ఎప్పుడొస్తదని సూస్తుంటే ఈమె సొంత పడవతోటే వచ్చింది!” అంది. అంత భయంలోనూ ట్రక్కంతా నవ్వింది. స్కూలు దగ్గర పేర్లు రాసుకునే ఆయన ఓడని చూసి పెన్ను ఆపాడు. “ఇది నడుస్తదా?” అని అడిగాడు. లేదన్నాను. “మరెందుకు తెచ్చినవ్?” అన్నాడు. జవాబు చెప్పబోతూ నా భుజం తడుముకున్నాను. బ్యాగు లేదు.

తిరిగి వెళ్తానని గేటు దాకా పరిగెత్తాను. పోలీసాయన వదల్లేదు. “అవతల నడుము లోతు నీళ్ళున్నయమ్మా” అన్నాడు. పదో తరగతి మెమో దగ్గర్నుంచి ఫార్మసీ రిజిస్ట్రేషన్ దాకా అన్నీ ఆ మంచం మీద ఉన్నాయి. క్లాసు రూములో మూల కూర్చుని ఏడ్చాను. అప్పుడే నాన్న ఫోన్. “సర్టిఫికెట్లు తెచ్చుకున్నావా అమ్మా?” “ఆఁ, తెచ్చుకున్నా నాన్నా.” (ఆయనతో ఎన్నో చిన్న చిన్న అబద్ధాలాడాను. సిగ్గుపడింది మాత్రం ఆ ఒక్కదానికే.) సిస్టరమ్మ విన్నది. తిడుతుందనుకున్నాను. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది, అలవాటు కొద్దీ. తర్వాత టీచరు బల్ల మీదున్న ఓడ వైపు చూపించి, “తెచ్చినవ్ గద. ఇగ పని చెయ్. ఊకె కూసుంటే పిచ్చెక్కుతది” అంది.

అలా మొదలైంది. మూడో హెచ్చరిక కూడా వచ్చింది, చేసేదేమీ లేదు, చుట్టూ నీళ్ళు. మేడ మీద వరండాలో నిలబడి చూస్తే స్కూలే మెల్లగా కదులుతున్నట్టుండేది. చెట్ల తలలు, కరెంటు స్తంభాలు, ఆ మధ్యలో ఎర్రటి నీళ్ళు, ఆ పైన పొగలా వాన. లోపల మా గదిలో ఓడకి తాళ్ళు కడుతున్నారు. కొయ్యల దాకా పాకే సన్నని దారపు నిచ్చెనలకి వందల ముళ్ళు వెయ్యాలి. నేను రోజుకి పది వేసి ఐదు విప్పుకునే రకం. పూలక్క నా చేతిలోంచి దారం లాక్కుంది. “గిదేనా? మల్లెపూల కంటె అల్కగుంది” అని, కబుర్లు చెబుతూ, ఓడ వైపు చూడను కూడా చూడకుండా, సాయంత్రానికి ఒక నిచ్చెన పూర్తి చేసింది. సిస్టరమ్మ మందుల పెట్టెలోంచి కుట్లు వేసే పట్టకారు తీసి, తెరచాపల అంచులు కుట్టింది. మధ్యమధ్య “కదలకు” అని ఓడని గదమాయించేది. సరంగు తాత బెంచీ మీద కూర్చుని ఏ తాడు ఎక్కడికి పోవాలో చెప్పేవాడు. పుస్తకంలో ఇంకోలా ఉంది తాతా అంటే, “ఆ బొమ్మ గీసినోడు పడవెక్కలే” అని కొట్టిపారేసేవాడు. నేను పుస్తకం మూసేశాను. మూడు రోజులు అలాగే గడిచాయి. భయం ఉంది, ఆకలి ఉంది, పులిహోర పొట్లాల కోసం వరస ఉంది. అయినా వాన చప్పుడులో, దారాల మధ్య తిరిగే ఆ చేతుల్ని చూస్తూ, నా జీవితంలో ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉన్నాను నేను. ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు. బాగుండదు కదా.

నాలుగో రోజు రోడ్డు తెరిచారు. మొదటి బస్సులోనే నాన్న దిగాడు, బియ్యం మూట, మంచినీళ్ళ క్యాను మోసుకుంటూ. ఎదురెళ్ళి, క్లాసు రూముకి తీసుకొచ్చి, ఆయన మూట దించకముందే చెప్పేశాను. “నాన్నా, సర్టిఫికెట్లు తేలేదు. అబద్ధం చెప్పాను. ఇది తెచ్చాను.”

ఆయన ఓడని చూశాడు. చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

“ఎన్నాళ్ళు పట్టింది?”

“నాలుగు నెలలు.”

“వాటికి పదిహేడేళ్ళు పట్టిందమ్మా” అన్నాడు. అప్పుడు మూట దించాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

నీళ్ళు తీశాక ఇంటికి వెళ్ళాం. గోడ మీద నా భుజం ఎత్తున బురద గీత. మంచం తలకిందులై ఉంది. బ్యాగు దొరికింది గానీ, లోపల కాగితాలన్నీ ఒక ముద్ద. పదో తరగతి మెమో మీద నా ఫోటో ఒక్కటే మిగిలింది, అది కూడా అందులో ఉన్నది నేనేనని నేను చెబితేగానీ తెలియనట్టు. నకళ్ళ కోసం నాన్నా నేనూ వరంగల్, హైదరాబాదు ఆఫీసుల చుట్టూ తిరిగాం. గడువులోగా రాలేదు. ఆ గవర్నమెంటు ఉద్యోగం పోయింది. షాపు మిగిలింది.

ఇంతకీ బ్యాగు దొరికిన ఆ మధ్యాహ్నం ఒక సంగతి జరిగింది. బురద ఎత్తిపోసుకుంటూ నీళ్ళ కోసం స్కూలుకి తిరిగొచ్చాను. క్లాసు రూములో నాన్న ఒక్కడే ఉన్నాడు. నేను రావడం చూడలేదు. ఓడ ముందు వంగి, అటూ ఇటూ చూసి, బుగ్గలు పూరించి తెరచాప మీద ఊదాడు. గుడ్డ ఉబ్బింది. ఇంకోసారి ఊదాడు. గుమ్మంలో చప్పుడు చెయ్యకుండా అలాగే నిలబడిపోయాను. కాసేపటికి సరంగు తాత వచ్చాడు. నీళ్ళల్లో దింపుదామా తాతా అని ఈసారి నేనే అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. “ఒద్దు బిడ్డా. సూసినం సాలు నీళ్ళు” అన్నాడు.

ఓడ ఇప్పటికీ సిస్టరమ్మ ముందు గదిలో ఉంది. నేను ఖమ్మంలో సొంతంగా మందుల షాపు పెట్టుకున్నాను. మా సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లలో, ఆ కవర్లు సూట్‌కేసులో, సూట్‌కేసు అటక మీద. నకళ్ళు వేరే చోట. టీవీలో గోదావరి హెచ్చరిక అనగానే మొదట చెయ్యి పోయేది వాటి మీదికే. మా ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు, ఎంత జాగ్రత్త మనిషివో అని. అవును, జాగ్రత్త మనిషినే. ట్రాక్టరు హారను మోగుతుంటే కాగితాలు వదిలేసి రెండు చేతులా ఓడనెత్తుకున్న ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్లని నేను చాలానే తిట్టాను. ఇప్పుడు మాత్రం, మధ్యాహ్నం షాపులో ఎవరూ లేని వేళ, కళ్ళు మూసుకుని ఆమె చేతుల్లోని ఆ ఓడ బరువు గుర్తు తెచ్చుకుందామని చూస్తాను. అంత బరువేమీ ఉండేది కాదనుకుంటా.